ఏడు కాపీలు చాలన్న తాత

మా తాత ముర్జాక్మత్ మా ఊరు కరకోల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు తీగలు అతికి, పింఛను మొదలైన ఏడాదే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి కొత్తగా ఏదైనా పట్టుకుంటే అది మోకాళ్ళ నొప్పి కావాలి. ఆయనకు వెబ్‌సైట్లు పట్టుకున్నాయి.

ఎవరెవరో కలిసి రాసి, ప్రపంచానికి ఊరికే పంచిపెట్టే సైటు సామగ్రి ఒకటుంది. దాన్ని దించుకుని, మాడ్యూళ్ళనే విడిభాగాలు కావలసినవి తగిలించుకుంటే సైటు లేస్తుంది. "అచ్చం మన ఉన్ని గుడారమే. కర్రలు ఒకడివి, కంబళ్ళు ఒకడివి, తాళ్ళు ఇంకొకడివి. నిలబెట్టడం ఒక్కటే మనది" అనేవాడు తాత. ఆయన నిలబెట్టినవి ఎక్కువగా ఒరిగే ఉండేవి. సరస్సు దగ్గర అతిథులను దింపుకునే గుల్‌సారా తన సైట్లో గుర్రం పరుగెత్తాలని పట్టుబట్టింది. తాత పరుగెత్తించాడు. ఆ గుర్రం బరువుకు పేజీ తెరుచుకోవడమే మానేసింది. పైగా ఆవిడ, "సామగ్రి ఊరికే వచ్చిందన్నావుగా పెదనాన్నా, ఇంక నీకు కూలేమిటి?" అని ఒక సీసా ఆప్రికాట్ జామ్ చేతిలో పెట్టింది. ఊరంతా ఆ లెక్కే పట్టుకుంది. మా అటక నిండా జామే.

నేను తొమ్మిదో తరగతితో బడి మానేసి బజారులో ఆష్లాన్‌ఫూ అనే చల్లని సేమ్యా పులుసు అమ్ముతాను. చదువు రాకపోయినా సేమ్యా, కారం కలపడం వచ్చు, తాతను ఆట పట్టించడం అంతకన్నా బాగా వచ్చు. కానీ ఒక్క సైటు విషయంలో మాత్రం నేను నోరెత్తేదాన్ని కాదు. అది మా తెగ వంశావళి.

తొమ్మిదేళ్ళు పట్టింది దానికి. తాత ఫోను పట్టుకుని లోయలో ఊరూరా తిరిగి, పంతొమ్మిదిమంది ముసలివాళ్ళ చేత తాతముత్తాతల పేర్లు చెప్పించి, ఆ గొంతులు రికార్డు చేసి సైటుకు ఎక్కించాడు. వాళ్ళలో పదహారుమంది ఇప్పుడు లేరు. ఆ పోయినవాళ్ళలోనే ఉన్న తాత సొంత అన్న కచ్కిన్‌బాయ్ ఒక్కడే పన్నెండు తరాలు గుక్కతిప్పుకోకుండా చెప్పగలిగినవాడు. ఆయన రికార్డింగు నలభై నిమిషాలు. మధ్యలో రెండుసార్లు మేకను తిట్టాడు. అది విని మేమంతా నవ్వేవాళ్ళం. ఆ తిట్లు తీసేయమంటే తాత ఒప్పుకోలేదు. "అన్నయ్య గొంతులో మేక కూడా ఒక భాగమే" అన్నాడు. ఫోనులో చోటు చాలక అసలు రికార్డింగులు ఎప్పటికప్పుడు తుడిచేశాడు. సైట్లో ఉన్నాయి కదా అని ధీమా.

ఆ సామగ్రిలో మనుషులకు మెట్లుంటాయి. చదివేవాడు, రాసేవాడు, దిద్దేవాడు, అందరికీ పైన ఏమైనా చేయగల అడ్మిన్. దోలోత్‌బెక్, అసనకున్ తాతలతో సహా తెగ పెద్దలు ఏడుగురు తామూ సైట్లో రాస్తామని వచ్చినప్పుడు నేనే అన్నాను.

"వాళ్ళకి ఉత్త రాసే హక్కు ఇవ్వు తాతా."

"అంటే? దోలోత్‌బెక్ అన్నయ్య ఏదైనా నొక్కితే, 'మీకు అనుమతి లేదు' అని నా సైటు ఆయన మొహం మీదే చెప్పాలా? తెల్లగడ్డం వాణ్ణి తీసుకెళ్ళి తలుపు దగ్గర కూర్చోబెడతారుటే ఎవరైనా?"

"తలుపు దగ్గరైతే గిన్నెలు పగలవుగా."

"నోరు ముయ్యవే దెయ్యమా, టీ పొయ్యి."

మా ఇళ్ళలో పెద్దలకు వాకిలికి దూరంగా, పైచోటున పీట వేస్తాం. సైట్లో పైచోటంటే అడ్మినే. ఏడు గడ్డాలూ అడ్మిన్లయ్యాయి.

రోజూ తెల్లవారుజామున సైటు తన కాపీ ఒకటి తనే తీసి దాచుకునేలా తాత మాడ్యూలు పెట్టాడు. ఎన్ని కాపీలు ఉంచాలని అది అడిగితే ఏడు అని కొట్టాడు. ఎనిమిదోది రాగానే అన్నిటికన్నా పాతది పోతుంది.

"ఏడేనా తాతా?"

"మనిషికి ఏడు తరాల తండ్రుల పేర్లు వస్తే చాలన్నారు మనవాళ్ళు. సైటుకి ఏడు రోజులు చాలవా?"

"నీకు నిన్న విప్పిన మేజోళ్ళే గుర్తుండవు."

"అందుకేగా నిన్ను పెంచింది."

పోయిన జులైలో తాత ఛాతీకి గుర్రప్పాలు మంచివన్నారని కొండమీది పచ్చికకు, చుట్టాల గుడారానికి వెళ్ళాం. అక్కడ ఫోను పలకదు. మేము అటు వెళ్ళగానే ఇక్కడ ఒక విందులో గొర్రె తుంటి ఎముక అసనకున్ తాత పళ్ళెంలో పడింది. అది పెద్దకొడుకు శాఖకు దక్కే ముక్క. దోలోత్‌బెక్ తాత లేచాడు. "మా మూలపురుషుడు జంతాయ్ పెద్దవాడు. మీ బోతోయ్ ముక్కు కారే తమ్ముడు!" అన్నాడు. అసనకున్ కోడలు ఫోను తీసి చూపించింది. సైటు ప్రకారం బోతోయే అన్న.

దోలోత్‌బెక్ ఇంటికి పోయి జంతాయ్‌ని అన్నగా మార్చాడు. తెల్లారేసరికి అసనకున్ మళ్ళీ తమ్ముణ్ణి చేశాడు. మూడో రోజుకు దోలోత్‌బెక్ విసిగిపోయి బోతోయ్ శాఖ మొత్తం తీసేశాడు, మధ్యాహ్నానికి అసనకున్ జంతాయ్ శాఖ తీసేశాడు. మా తెగకున్నవి ఆ రెండు శాఖలే. పేజీ పోతే దానికి తగిలించిన రికార్డింగు అనాథ. ఆరు గంటలు ఆగి సైటే దాన్ని ఊడ్చేస్తుంది. శుభ్రత కోసం అలా రాశారట, మంచివాళ్ళు.

మేము తొమ్మిదో రోజు దిగాల్సింది. దిగి ఉంటే మంచి కాపీ ఒకటి ఇంకా మిగిలి ఉండేది. కానీ పదకొండో రోజున గుర్రప్పందెం ఉందని తెలిసి, ఉందాం ఉందామని గోల చేసింది నేనే. పన్నెండో రోజు పొద్దున తాత ఇంట్లో కాలు పెట్టి, బూట్లయినా విప్పకుండా సైటు తెరిచాడు. తర్వాత కాపీలు ఒక్కొక్కటే విప్పాడు. ఏడూ ఖాళీయే.

సైటుకు చోటు అద్దెకిచ్చిన కంపెనీకి ఫోను చేశాడు. తమ దగ్గర మూడు రోజుల కాపీలే ఉంటాయన్నారు. ఆ సామగ్రి రాసేవాళ్ళు నెట్లో కూడే చోట తన వచ్చీరాని రష్యన్‌లో కథంతా రాశాడు. ఎక్కడివాడో ఒకాయన వెంటనే దయగా జవాబిచ్చాడు: పాత బ్యాకప్ ఏమైనా ఉందా?

వారం తిరక్కుండా ఆ ఇద్దరు ముసలివాళ్ళు రాజీపడి, ఒకే కారులో, ఒకే పుచ్చకాయతో మా ఇంటికొచ్చారు. తాత వాళ్ళను పైచోటున కూర్చోబెట్టాడు.

"తమ్ముడూ, మేం పిల్లచేష్టలు చేశాంలే. ఇద్దర్నీ కవలలుగా పెట్టెయ్, గొడవుండదు" అన్నాడు దోలోత్‌బెక్.

"తీసేసే ముందు అదేదో అడిగింది తమ్ముడూ, నిజంగానా అని. అంత మర్యాదగా అడిగితే కాదనలేక అవునన్నా" అన్నాడు అసనకున్. "ఒక్క మీట నొక్కితే వచ్చేస్తుందిగా?"

నేను నోరు తెరవబోయాను. తాత నా వైపు చూసిన చూపుకు టీ పోయడంలో పడ్డాను.

"చూస్తాను అన్నయ్యా" అన్నాడు ఆయన.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "పోయిందని చెప్పొచ్చుగా తాతా?"

"అసనకున్ అన్నయ్య డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. మా అన్న గొంతు నువ్వే చంపావని, నా రొట్టె తింటుండగా చెప్పనా?"

మర్నాడు ఆయన కొత్త పేజీ తెరిచి, జ్ఞాపకం మీద పేర్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఏడు దాకా వేళ్ళు ఆగలేదు. ఏడు దగ్గర ఆగాయి.

"ఎనిమిదోవాడెవరు తాతా?"

ఆయన కీబోర్డు పక్కకు నెట్టాడు.

"అన్నయ్య చెప్పాడే. రికార్డవుతోంది కదా అని నేను వినలేదు."

"మేకనేమని తిట్టాడో నాకు గుర్తుంది" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

ఆ పేజీని అలాగే వదిలేసి, ఆయన బ్యాకప్ మాడ్యూలు తెరిచి ఏడు చెరిపి డెబ్బై అని పెట్టాడు. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున సైటు తప్పకుండా కాపీ తీసుకుంటుంది. ఏడు పేర్లూ, వాటి కింద ఖాళీ చోట సైటే వేసే 'ఇక్కడ ఇంకా ఏమీ లేదు' అన్న మాటా. నేటికి నలభై ఒక్క కాపీలయ్యాయి. ఒక్కటీ పోలేదు.