డౌన్ కొట్టాను, అప్ కొట్టలేకపోయాను

కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. నేను వాడికంటే ఘనుణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లో కూర్చుని ఎల్బీనగర్‌లో కొమ్మ నరికాను. పడబోయింది మాత్రం పాపం ఒక పోచంపల్లి చేనేతాయన.

తెలంగాణ ఉద్యమం రోజులు. కంప్యూటర్లను కమాండ్లతో నడిపే లినక్స్ కొత్తగా నేర్చిన పొగరు నాది. బెజవాడ నుంచి వచ్చిన సరోజ ఆంటీకి ఎల్బీనగర్‌లో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అక్కడి కంప్యూటర్లన్నిటికీ నెట్ పంచే ఆమె సర్వర్‌ను దిల్‌సుఖ్‌నగర్‌లోని నా గదిలోంచే, నెట్ మీదుగా కమాండ్లు కొట్టి నడిపేవాణ్ణి. ఎవరూ ముట్టుకోకుండా దాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. గర్భగుడి పూజారికైనా అంత పట్టింపు ఉండదు.

ఒక బంద్ రోజు ఆంటీ ఫోన్ చేసింది. "బాబూ, నెట్ మరీ నత్తలా ఉందయ్యా. పోచంపల్లి నుంచి నర్సింహగారని చేనేతాయన వచ్చారు. ఆయన ఎక్కాల్సిన ముంబై రైలు బంద్‌కి ఆగిపోయిందట. అక్కడి సేటు నెట్లోనే చీరలు చూస్తానన్నాడు. ఈ పూట చూపించకపోతే ఆర్డర్ వేరేవాళ్ళకి పోతుందట!"

"ఒక్క నిమిషం ఆంటీ," అన్నాను. సర్వర్ నెట్ కనెక్షన్‌ను ఆపి మళ్ళీ లేపితే సరి. ముందు డౌన్ కమాండ్, తర్వాత అప్. డౌన్ కొట్టాను. బ్రహ్మాండంగా పనిచేసింది. అప్ కొట్టడానికి నేను వెళ్ళాల్సిన దారి కూడా ఆ కనెక్షనేనని అప్పుడు గుర్తొచ్చింది. తెర కొయ్యబారింది, దాని ముందు నేనూ.

"బాబూ, మొత్తానికే పోయిందే!"

"బంద్ గదా ఆంటీ, ఎవరో కేబుల్ కోసినట్టున్నరు. నేనొస్తున్న," అనేశాను.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. కొత్తపేట మీదుగా ఒకటే పరుగు. ఉద్యమకారులు నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. "ఏడికన్నా గంత ఉరుకుడు? తిని పో!" అంటూ చేయిపట్టి కూర్చోబెట్టి విస్తరి వేశారు. ఇందాక నింద వేసింది వీళ్ళ మీదే. రెండు ముద్దలు మింగి మళ్ళీ పరుగందుకున్నాను.

సగం దించిన షట్టర్ కిందినుంచి దూరి సెంటర్లోకి వెళ్ళేసరికి నర్సింహగారు చీరలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "జర జల్ది చూడు బిడ్డా. గీ ఆర్డర్ పోతే మా వాడల మగ్గాలు ఆగుతయ్."

బీరువా తెరిచి అప్ కొట్టాను. నెట్ లేచింది. తెర మీద సేటు కనిపించగానే ఆయన రెండు చేతులతో చీర ఎత్తి పట్టారు. ఆర్డర్ ఖాయమైంది. నేను కాలరు ఎగరేయబోతుండగా, ఉద్యమ కండువా వేసుకున్న కుర్రాడొకడు చెమటలు కక్కుతూ లోపలికొచ్చాడు.

"ఎవరో కేబుల్ కోసిన్రని మీరంటే, మా మీద మాటొచ్చిందని స్తంభాలన్నీ చూసొచ్చినం ఆంటీ. వైర్ ఏడ తెగలే."

"మరి ఎవరు కోశారు బాబూ?" ఆంటీ నావైపు తిరిగింది.

ఆ రోజుల్లో ఆమె బెజవాడ యాస విని ముఖం తిప్పుకునేవాళ్ళు ఉన్నారు, కండువా చూసి షట్టర్ దించేవాళ్ళూ ఉన్నారు. ఆ మంటలో నేనూ ఒక పుల్ల వేశానే అని తట్టి, నిజంగా సిగ్గేసింది.

"నేనే," అన్నాను. "ఇంట్ల కూసోని, ఒక్క కమాండ్‌తోని."

కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. "పొద్దటిసంది ఇంతమందిమి రోడ్డు మీద కూసుంటె గూడ ఆంటీ దుకాణం బంద్ కాలే. నువ్వు ఇంట్ల కూసోని చేసినవ్! రేపు మాతోని రా అన్నా!"

అప్పుడే సర్వర్ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. యంత్రం ఎదుట కూర్చుంటే తప్ప డౌన్ కొట్టను. కొట్టాక ఎవరు కోశారని అడిగితే, నా పేరే చెబుతాను.