ఏడో నంబరు ఖాళీ డబ్బా

ఆ చేట అవతలికి నెట్టి ఇట్టా దగ్గరికి జరగండి. ఇంకాస్త. మర ఆడుతుంటే నా గొంతు గుమ్మం దాకా రాదు. కళ్ళు మండితే నులుముకోమాకండి, చెంగుతో అద్దుకోండి. కారం మర ఉన్న ఇంట్లో ఏడ్చేవాళ్ళూ నవ్వేవాళ్ళూ ఒకేరకంగా కనపడతారు. ఇప్పుడు చెప్పేది మాత్రం నవ్వాల్సిందే, మొహమాటపడొద్దు.

మాది గురజాలలో పిండి మర. మరలు రెండు, కారానికొకటి, పిండికొకటి. మోటారు మాత్రం ఒకటే. బెల్టు ఎటు మారిస్తే అటే తిరుగుద్ది. ఎవరెంత అరిచినా ఒకసారికి ఒక డబ్బానే. మా ఆయన మర దగ్గరుంటాడు, నేను అరుగు మీద కాటా దగ్గరుంటాను. ఆయనకి మాటలు తక్కువ, దగ్గెక్కువ.

మర దగ్గర మా ఊళ్ళో ఒక మర్యాద ఉంది. వరసలో మనిషి నిలబడదు, డబ్బా నిలబడుద్ది. డబ్బా పెట్టి ఇంటికి పోయి కూర పొయ్యి మీద వేసుకుని వచ్చినా ఆమె వరస ఆమెదే. డబ్బా మీద పేరుండదు. సొట్టని బట్టి చెప్తాం ఎవరిదో. ఇక ఎండాకాలం కారం రోజులొస్తే ఈ మర్యాద ముదిరి పాకాన పడుద్ది. మిరపకాయలు ఇంకా డాబా మీద ఎండుతుంటాయి, తొడిమలు కూడా తీసి ఉండవు, అయినా పొద్దున్నే ఖాళీ డబ్బా తెచ్చి వరసలో పెట్టి పోతారు. పోయి, మన వరస అప్పుడే రాకూడదు దేవుడా అని దణ్ణం పెట్టుకుంటారు. ఆ దేవుడు ఎన్ని తట్టుకోవాలో చూడండి.

ఇందులోకి నా కోడలు ఎట్టా వచ్చిందో చెప్తా.

నా కోడలిది కృష్ణ అవతల, మిర్యాలగూడ. నా కొడుకు దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీకి పోయొస్తాడు. ఈ పిల్ల హైదరాబాదు కంపెనీ పని మా ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో చేసేది. ఉన్నట్టుండి ఆ కంపెనీ వాళ్ళు, ఇక అందరూ ఆఫీసుకే రావాలన్నారు. పోతే పిల్ల అక్కడ హాస్టల్లో, పిల్లోడు ఇక్కడ షిఫ్టులో. ఆ వారం నా కొడుకు ఫ్యాక్టరీ టోపీ నెత్తి మీద పెట్టుకునే అన్నానికి కూర్చున్నాడు. అది తీసెయ్యాలని కూడా తెలియలా వాడికి.

అప్పుడే తెలిసినవాళ్ళ ద్వారా ఒక కబురొచ్చింది. చిలకలూరిపేటలో పత్తి జిన్నింగ్ మిల్లాయన ఒకాయనకి, మిల్లు ముందు ఆగే లారీలని వరసన పిలిచే మిషను కావాలంట. "ఎక్కడన్నా పనిచేస్తుండగా నా కళ్ళకి చూపించమ్మా. నచ్చితే పని నీదే, ఇంటి కాడే కూర్చుని చేసుకో" అన్నాడంట. పిల్ల ఫోను పెట్టేసి మా మర వంక చూసింది. మా ఆయన దగ్గాడు. అదే ఒప్పుకోలు.

తమలపాకుల డబ్బా అంత మిషను ఒకటి తెచ్చింది. మోటారు మెకానిక్ భాయి, మా పక్కింటాయన, ఆరోజుల్లో మా అరుగు దిగితే ఒట్టు. తీగల్లేని కాలింగ్ బెల్లు బొత్తాలు తెచ్చి వాటికి నంబర్లేశాడు. డబ్బా పెట్టినామె తన నంబరు బొత్తాం నొక్కి, దాన్ని వెంట పట్టుకుపోవాల. వరసొచ్చినప్పుడు పైన స్పీకరు పిలుచుద్ది. ఆమె వచ్చి మళ్ళీ నొక్కితే, వచ్చింది అని మిషనుకి తెలుస్తుంది, ఆ మిషనుకే తగిలించిన కాటా దాని పని అది చేసుద్ది. బొత్తాం మా వీధిలో పనిచేసుద్ది, వీధి దాటితే పనిచెయ్యదు. స్పీకరు కూరగాయల బండిది. గొంతు మా ఆయనది. నంబరు చెప్పేముందు దగ్గాడు, ఆ దగ్గు కూడా ఎక్కింది. తీసెయ్యమంటే భాయి, "ఉండనీ వదినా, దగ్గు లేకపోతే అన్నయ్యని ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

లోపల రాత పిల్లది. సి అనే భాషలో రాస్తుంది. నేను చేటలో బియ్యం పోసుకుని పక్కన కూర్చుని అడిగాను, ఏందమ్మా రాస్తున్నావు అని.

"అత్తమ్మా, లోపల పనిచేసేటోడు ఒక్కడే అనుకో. కానీ ఎవరి ముందటా నిలబడడు. బొత్తాం నొక్కిన్రా, కాటా మీద డబ్బా పెట్టిన్రా, మర అయిపోయిందా అని అందరి దిక్కు చూసుకుంట తిరుగుతడు. ఎక్కడ పని తయారుగ ఉంటే అక్కడికి పోయి చిటికెల చేసి, మళ్ళ తిరుగుడే. ఈవెంట్ లూప్ అంటరు. ఆ తిరిగేటోణ్ణి నేను రాయలే. ఎవరో ముందే మంచిగ రాసి లైబ్రరీ అని పెట్టిన్రు. ఏది జరిగితే ఏం చెయ్యాల్నో వానికి చెప్పుడే నా పని."

"బంతి భోజనాల్లో వడ్డించేవాడు" అన్నాను.

"గంతే అత్తమ్మా."

మొదటిసారి దాన్ని లేపితే లేచిన క్షణంలోనే పడుకుంది. పిల్ల తల పట్టుకుని చూసి చూసి నవ్వింది. "దేని కోసం ఎదురుచూడాల్నో నేను చెప్పలే. ఎదురుచూసుడు లేకపోతే, పని అయిపోయిందనుకుని పోతది" అంది. మా ఆయనని పోలిన యంత్రం అనుకున్నాను. కాఫీ ఇస్తానని చెప్పకపోతే ఆయనా ఇంట్లో నిలవడు.

తర్వాత బాగానే ఆడింది. నేనొక నంబరు, నా కొడుకొక నంబరు, భాయి ఒక నంబరు. దగ్గు వినపడగానే పరిగెత్తుకొచ్చి నొక్కేవాళ్ళం. వంటింట్లోంచి నేను, టోపీతో వాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

జిన్నింగ్ మిల్లాయన వచ్చిన రోజు కారం రోజు. అరుగంతా డబ్బాలే. ఆయన భారీ మనిషి, తెల్ల చొక్కా. ప్లాస్టిక్ కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాను. ఒక గుక్క తాగి, ఒక తుమ్ము తుమ్మి, మళ్ళీ ఒక గుక్క. నా కొడుకు సెలవు పెట్టి తలుపు వెనకాల నిలబడ్డాడు.

మిషను ముచ్చటగా పిలుస్తోంది. దగ్గు, నంబరు. ఆమె రావడం, నొక్కడం, ఆడించుకోవడం. మర ఆడుతుండగానే కొత్తవాళ్ళు నొక్కినా రాసుకుంటోంది. మిల్లాయన తల ఊపాడు. తలుపు వెనక టోపీ కూడా ఊగింది.

దగ్గు. "ఏడో నంబరు డబ్బా వాళ్ళు రావాల."

ఎవరూ రాలా.

మిషను ఇంకో మాట మాట్లాడలా. ఎనిమిదో నంబరామె, ఎదురింటి అత్త, తన బొత్తాం నొక్కింది, ఉలుకూ లేదు పలుకూ లేదు. కాటా మీద డబ్బా పెడితే అంకె మారలా. ఆమెది అరిసెల పిండి. నానబోసిన తడి బియ్యం అది, తడారితే పిండి కాదు. మనవరాలి శ్రీమంతానికి చలిమిడి, అరిసెలు. ఇంట్లో బెల్లం అప్పటికే కొట్టి పెట్టారు.

"ఏందే ఇది? పిలవదేందే?" అంది అత్త.

"ఏడుని పిలిచిందిగా అత్తా, ఏడు రావాల" అన్నాను.

ఏడో డబ్బా మూత తీసి చూస్తే ఖాళీ. సొట్ట చూస్తే తెలిసింది, వెనక వీధి వదినది. పొద్దున్నే పెట్టి పోయింది. ఫోను చేశాం.

"నేను మాచర్ల రైలుబండిలో ఉన్నా. మా చెల్లెలింటికి" అంది వదిన.

"మిరపకాయలో?"

"డాబా మీద. సాయంత్రానికి వచ్చి పోస్తాలే. నా వరస ఎవరన్నా తీశారంటే చూడండి!"

"బొత్తాం ఎక్కడుంది వదినా?"

"కొంగున కట్టుకున్నాగా. భద్రంగా ఉంది."

మా ఆయన ఎనిమిదో డబ్బా తీసి మరలో పోస్తే అయిపోయేది. పొయ్యడు! పిలిచింది ఏడుని. ఏడు ఉండగా ఎనిమిది పోస్తే రేపు వదినతో ఎవరు పడతారు? అత్త కూడా, అంత అరిసెల తొందరలోనూ, "అదీ నిజమే, దాని నోటికి నేను చాలను" అంది. మా ఊళ్ళో ఉరుముకి భయపడనివాళ్ళు కూడా వరసకి భయపడతారు.

భాయి ఫోను లాక్కుని, "వదినా, ఓసారి బొత్తాం నొక్కి చూడు" అన్నాడు.

"బండిలోంచి అందుద్దా?"

"గట్టిగా నొక్కితే ఏమో!"

అది అందదని బొత్తాలు తెచ్చిన ఆయనకి తెలియదా! కంగారు మనిషినెట్టా చేసుద్దో చూడండి. వదిన నొక్కింది. అరుగు మీద అందరం స్పీకరు వంక చూశాం. ఏమీ లేదు. "ఇంకా గట్టిగా" అన్నారు ఇక్కడోళ్ళు. "పక్క సీటు అబ్బాయి నొక్కుతున్నాడు, కండలున్నాయి" అంది వదిన. కాసేపటికి, "పెట్టెలో అందరూ తలా ఒకసారి నొక్కారు, టీలమ్మే ఆయనతో సహా. వచ్చిందా?" అంది.

మిల్లాయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

నా కోడలు ల్యాప్‌టాపు తీసుకుని మిరపకాయల బస్తా మీద కూలబడింది. పక్కకి పోయి మెల్లగా అడిగాను, చెడిపోయిందా తల్లీ అని.

"చెడలే అత్తమ్మా, ఎదురుచూస్తున్నది. పిలిచినంక, ఆమె నొక్కేదాంక ఆడనే నిలబడుమని నేనే రాసిన. ఇంట్ల పిలవంగనే మీరందరు ఉరికొచ్చిన్రు గద, నాకు తెల్వలే."

"అంటే వడ్డించేవాడు ఒక విస్తరి ముందు నిలబడి, తినమ్మా తినమ్మా అంటున్నాడా?"

"ఆ. విస్తరి ముందట మనిషే లేదు."

ఎంత వద్దనుకున్నా నాకు నవ్వొచ్చింది. దానికీ వచ్చింది. ఇద్దరం నవ్వుతుంటే కళ్ళల్లో కారం పడి ఏడ్చాం, చూసేవాళ్ళకి అత్తాకోడళ్ళు గుండెలవిసేలా ఏడుస్తున్నట్టుంది. నా కొడుకు తలుపు వెనకనుంచి పరిగెత్తుకొచ్చాడు. పో అవతలకి అన్నాను.

అది తుమ్ముకుంటా రాసింది. తుమ్ముకొక వరస. ఏం మార్చావే అంటే, తుమ్ముల మధ్యలో చెప్పింది. ఇక పిలిచి నిలబడడు. ఏడు నొక్కితే చెప్పు అని లైబ్రరీకి ఒక మాట చెప్పి ముందుకు పోతాడు. కాస్త టైము పెడతాడు, ఆ టైము దాటితే తర్వాతామెని పిలుస్తాడు. ఏడు ఎప్పుడు నొక్కితే అప్పుడు, మరలో ఉన్న డబ్బా అయిపోగానే ఏడుకే వరస.

"అయితే ఏడు వరస పోదుగా?" అంది అత్త. ఆమెకి అరిసెల కంటే అదే ముఖ్యమైంది అప్పటికి.

"పోదు పెద్దమ్మా. కానీ ఆపి మళ్ళ లేపాలె. లేపితే ఇప్పటిదాంక రాసుకున్నది మర్చిపోతది."

అరుగు గొల్లుమంది. మా ఆయన జీవితంలో మొదటిసారి దగ్గకుండా మాట్లాడాడు. "అది మర్చిపోతే మర్చిపోనీండి. మీరు మర్చిపోతారా?"

మర్చిపోవడమా! నీ వెనక నేను, నా వెనక పచ్చడబ్బా, పచ్చడబ్బా వెనక మూతలేనిది, దాని మధ్యలో దూరబోయి తిట్లు తిన్నది ఫలానా ఆమె. మిషను లేవగానే వరసన నొక్కాల, మొదట ఏడు. అక్కడే అందరూ ఆగారు. బొత్తాం మాచర్ల బండిలో ఉంది. నా కోడలు ఏడో నంబరుని చేత్తోనే లోపల రాసింది. అందరూ సరే అని, ఎనిమిది నుంచి ఒకరి తర్వాత ఒకరు నొక్కారు.

దగ్గు. ఏడుని పిలిచింది. కాసేపు ఊరుకుంది. మళ్ళీ దగ్గు. "ఎనిమిదో నంబరు డబ్బా వాళ్ళు రావాల."

అత్త డబ్బా ఎత్తుకుని మా ఆయన మీదకి ఉరికింది. బెల్టు మారింది, పిండి తెల్లగా పడింది, ఇంకా తడిగానే.

నా కోడలు వెళ్ళి మిల్లాయన ముందు నిలబడింది. "తప్పు నాదే సార్. ఖాళీ డబ్బా పెట్టి పోతరని నాకు తెల్వదు" అంది.

ఆయన తుమ్మి, కళ్ళు తుడుచుకుని, "మా మిల్లు ముందు ఏం చేస్తారనుకున్నావమ్మా?" అన్నాడు. "ఖాళీ లారీ వరసలో పెట్టి, తాళం జేబులో వేసుకుని, పత్తి కోసం పోతాడు డ్రైవరు. వెనకాల లారీలన్నీ హారన్లు కొడుతుంటాయి. ముందు చూపించినోళ్ళందరూ ఇంట్లో ఆడించి బ్రహ్మాండం అన్నారు. ఖాళీ డబ్బా పెట్టి చూపించింది నువ్వొక్కదానివే."

"పెట్టింది మా వెనక వీధి వదిన" అన్నాను, నోరు ఆగక.

"ఆమెకి కూడా నా నమస్కారం చెప్పండి" అన్నాడు. "వచ్చే వారం నుంచి పని మొదలుపెట్టమ్మా. ఇంటి కాడ నుంచే. ఆ దగ్గు మాత్రం మా లారీలకొద్దు."

నా కొడుకు అప్పుడు టోపీ తీశాడు. నెత్తి మీద గుండ్రంగా అచ్చు పడిపోయి ఉంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మరలో ఆఖరి డబ్బా అప్పుడే అయిపోయింది. స్పీకరు ఉన్నట్టుండి దగ్గింది. "ఏడో నంబరు డబ్బా వాళ్ళు రావాల." వీధి మొదట్లో వదిన వస్తోంది. ఒక చేతిలో చెల్లెలిచ్చిన వంకాయల సంచి, ఇంకో చేత్తో బొత్తాం నొక్కుకుంటా వస్తోంది. బండి దిగినప్పటి నుంచి నొక్కుతానే ఉందంట.

"చూశావా, గట్టిగా నొక్కితే అందింది!" అంది భాయితో.

మా ఆయన బెల్టు కారం మర మీదకి మార్చి నిలబడ్డాడు. వదిన డబ్బా మూత తీసి లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టింది.

"కాయలింకా డాబా మీదే ఉన్నాయి బావగారూ. రేపటికి ఉండనీండి. వరస మాత్రం నాదే."

మిషను రాసుకుంది.

ఇక లేవండి తల్లీ, మీ పొయ్యి మీద ఏదో ఒకటి పెట్టే వచ్చుంటారు. మీ డబ్బాలు నిండుగా ఉండాల, మీ పిండి తడారకముందే మర పట్టాల. మీ ఇంట్లో వడ్డించేవాళ్ళు ఏ ఒక్క విస్తరినీ మర్చిపోకుండా తిరగాల. మీరెంత ఆలస్యంగా వచ్చినా మీ వరస మీకు ఉంచేవాళ్ళు మీ గడపలో ఎప్పుడూ ఉండాల. చల్లగా ఉండండి, కళ్ళు మాత్రం ఇంటికి పోయి కడుక్కోండి.