ఊడిపోయిన కొమ్ము

ఆ ఊళ్లో పొద్దున కొట్టిన మేకు సాయంత్రానికి ముసలిదవుతుంది. సముద్రం నాలుగు వీధుల అవతలే ఉంటుంది గాని, దాని గాలి మాత్రం అందరిళ్ళలోనూ కాపురం ఉంటుంది. తాళాలు బిగుసుకుపోతాయి, సైకిలు గొలుసులు కరకరలాడతాయి, కొత్త ఫ్యాను రెక్కల మీద ఏడాది తిరక్కుండా గోధుమరంగు మచ్చలు తేలతాయి. అలాంటి ఊళ్లో ఇనప గేట్లు, కిటికీ గ్రిల్స్, బాల్కనీ రెయిలింగులు చేసి అమ్మే దుకాణం పెట్టి, దాని నెత్తిన ‘తుప్పు పట్టని గేట్లు, గ్రిల్స్’ అని బోర్డు కట్టుకున్నవాడి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. మెచ్చుకునేవాళ్ళ వరసలో అందరికంటే ముందు నిలబడేది అతనే.

అతన్ని ఊరంతా గ్యారంటీ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. గేటు అడిగినా గ్యారంటీ, గొళ్ళెం అడిగినా గ్యారంటీ. వాన వస్తుందంటారా అని ఎవరైనా అడిగితే, రాదు, గ్యారంటీ అని చెప్పి, నిలువునా తడిసి ఇల్లు చేరే రకం.

తుప్పు పట్టిందని ఎవరైనా దుకాణం మెట్లెక్కితే అతని దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉండేవి. మీరు తడిగుడ్డతో తుడిచారు అనేది మొదటిది. మీరు అసలు తుడవలేదు అనేది రెండోది. ఈ రెండూ పారకపోతే, మీ ఇల్లు సముద్రం వైపు తిరిగి ఉందండీ, నేనేం చెయ్యను, అనేవాడు. తప్పు నాది అనే నాలుగో జవాబు ఒకటి ఉంటుందని అతనూ విన్నాడు గాని, ఇరవై రెండేళ్ళ వ్యాపారంలో దాన్ని వాడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అలాగని తన సంగతి తనకు తెలియదనుకోకూడదు. గడ్డం గీసుకుంటూ అద్దంలోకి చూసినప్పుడల్లా, “ఒరే గ్యారంటీ, పని చేసేది సముద్రం, జీతం తీసుకునేది నువ్వు,” అని తనతో తనే అనుకుని నవ్వుకునేవాడు. సొంతింటి గేటుకి కింది కమ్మీలు ఎప్పుడో రాలిపోయాయి. వీధి పిల్లులు దర్జాగా వచ్చిపోతున్నాయి. ఇదేమిటని భార్య అడిగితే, గాలి ఆడాలి కదా అనేవాడు.

బోర్డు కథ కూడా అంతే. స్టీలు అక్షరాలు పెట్టిద్దామని బావమరిది అన్నాడు. ఆ బావమరిదే దుకాణంలో వెల్డరు. నలభై దాటిన మనిషి, పనిమంతుడు, మాట తక్కువ. గ్యారంటీ ఒప్పుకోలేదు. మూల పడి ఉన్న ఇనప రేకు ముక్కలు చూపించి, వీటితో కొయ్యమన్నాడు. ‘తు’ కోస్తుండగా కొమ్ము విరిగి బావమరిది చేతికొచ్చింది.

“ఇంకోటి కోస్తా బావా.”

“కొమ్మే కదరా! ఒక్క చుక్క వెల్డింగ్ పెట్టి అతికించెయ్.”

“వెనక రంగు వెయ్యొద్దా?”

“బోర్డు వెనక్కెళ్ళి ఎవడు చూస్తాడ్రా?”

ఎవరూ చూడలేదు. ఆరేళ్ళు గడిచాయి. ఒక సోమవారం పొద్దున గ్యారంటీ దుకాణం షట్టరు ఎత్తుతుంటే, ఎదురుగా మందుల షాపతను రోడ్డుకి అవతల నుంచే చేతులు జోడించాడు.

“గ్యారంటీ గారూ, మీ గేట్లు తప్పు పట్టవటగా! మా ఆవిడ కంటే నయమండీ. ఒకటి హాల్లో పెట్టించుకుంటాను.”

గ్యారంటీ రోడ్డు మధ్యకి వెళ్ళి తలెత్తి చూశాడు. ‘తప్పు పట్టని గేట్లు, గ్రిల్స్’ అని ఉంది. కొమ్ము ఊడిపోయింది. అది ఉండాల్సిన చోట ఎర్రటి మరక ఒకటి గోడ మీద కిందికి కారి ఉంది. తుప్పు పట్టదని చెప్పే మాటనే తుప్పు కొరికేసింది. ఇంతకంటే మర్యాదగా ఎవరూ తనని వెక్కిరించలేరనిపించి, అతను కూడా నవ్వేశాడు. ఈ లైన్లో కొమ్ములు తిరిగినవాణ్ణని తిరిగినన్నాళ్ళు తిరిగాడు, చివరికి బోర్డు మీది కొమ్మే ఊడింది.

మధ్యాహ్నం వరకూ వచ్చినవాడూ పోయినవాడూ ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. టిఫిను డబ్బా తెచ్చిన భార్య బోర్డు వైపు చూసి, “గేట్లు తప్పు పట్టవు పాపం, కొన్నవాళ్ళు పడతారు. మీరే ఒప్పుకోరు,” అంది. డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మూడింటికి టీచరమ్మ వచ్చింది. చిన్నప్పుడు అతనికి మూడేళ్ళు ఉక్తలేఖనం చెప్పిన మనిషి. ఎనభైకి దగ్గరపడింది. వీధి చివర రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఆమె మెట్టెక్కడం చూసి గ్యారంటీ, యాభై రెండేళ్ళ వయసునీ మోకాలి నొప్పినీ పక్కనపెట్టి, గభాలున లేచి నిలబడ్డాడు. ఆ లేవడంలో స్టూలు కిందపడింది.

“ఏరా, ఇది నీదేనా?” అంటూ ఆమె చేతిసంచీలోంచి వంకర తిరిగిన ఇనప ముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. “పొద్దున నడకకి వెళ్తే కాలికి తగిలింది. కొమ్మునైతే గుర్తుపట్టాను గాని, ఎవరిదో తల పైకెత్తితే గాని తెలియలేదు. చిన్నప్పుడు కొమ్ములు మింగేసేవాడివి, ఇప్పటికీ అలవాటు పోలేదన్నమాట.”

“నాదేనండీ,” అన్నాడు నంగిగా.

ఆమె ముక్కని తిరగేసింది. ముందు వైపు నీలం రంగు ఇంకా నిగనిగలాడుతోంది. వెనక పెచ్చులు పెచ్చులుగా లేచి, వేలు పెడితే రాలుతోంది.

“వెనక రంగు వెయ్యలేదేంరా?”

“అటువైపు ఎవరూ చూడరు కదా అనీ...”

“ఎవరూ చూడకపోతేనేం, తుప్పు చూసింది,” అందామె. అని, కుర్చీలో కూర్చుని, వచ్చిన పని చెప్పింది. “రేపు సాయంత్రం నా పాత పిల్లలు పన్నెండు మంది వస్తున్నారు. అందరం బాల్కనీలో వరసగా నిలబడి, వెనకాల సముద్రం పడేలా ఫోటో తీయించుకుంటాం. నువ్వూ రా. నువ్వు పెట్టిన రెయిలింగే కదా, దాని పక్కన నువ్వుంటే బాగుంటుంది.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గ్యారంటీ చెయ్యి దానంతటదే మెడ వెనక్కి పోయింది. వస్తానండీ అన్నాడు. గ్యారంటీగా వస్తానండీ అని కూడా అన్నాడు. ఆమె వెళ్ళిపోయాక స్టూలు లేవనెత్తి దాని మీద కూర్చుని, ఆ కొమ్ముని తిరగేసి వెనక వైపు చూశాడు.

ఐదేళ్ళ కిందటి వానాకాలం అతనికి కళ్ళకి కట్టింది. ఆ నెలలో పదిహేను రెయిలింగులు ఒప్పుకున్నాడు. వానలు ముదరకముందే బిగించెయ్యాలని తొందర. రెయిలింగు నిలువు కమ్మీల అడుగున, గోడ వైపు, తుప్పుని ఆపే ఎర్ర ప్రైమరు రెండు పూతలు వేసి ఆరబెట్టి అప్పుడు బిగించాలి. ఆరడానికి రెండు రోజులు పడుతుంది. “వెనక వైపు వెయ్యొద్దా బావా?” అని బావమరిది అడిగాడు. “గోడ వైపు ఎవడు చూస్తాడ్రా, పైన రంగు కొట్టెయ్,” అన్నాడు తను. పదిహేనింటికీ అదే మాట. అందులో మొట్టమొదటిది టీచరమ్మది.

ఆ సాయంత్రం అన్నం సయించలేదు. మూడు జవాబులూ తనకు తానే చెప్పుకుని చూశాడు. టీచరమ్మ తడిగుడ్డతో తుడిచి ఉంటుంది. తుడవకపోయి ఉంటుంది. ఇల్లు సముద్రం వైపు ఉంది, నిజమే, అందుకేగా ఫోటో. ఒక్క జవాబూ గొంతు దిగలేదు. ఆమె రోజూ సాయంత్రం ఆ రెయిలింగు మీద మోచేతులు ఆన్చి సముద్రం చూస్తుందని వీధి మొత్తానికి తెలుసు, అతనికీ తెలుసు. భయం వేసింది. అంత భయంలోనూ అతని బుర్ర, తప్పు ఒప్పుకోకుండా రెయిలింగు ఎలా బాగుచెయ్యాలా అని దారి వెతికింది. దొరికింది కూడా. ఆ దారి ఎంత బాగుందంటే, తనకే తన మీద అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే బావమరిదితో వెల్డింగ్ మిషను మోయించుకుని రెండంతస్తులు ఎక్కి తలుపు తట్టాడు.

“ఐదేళ్ళు నిండిన కస్టమర్లకి ఉచిత సర్వీసండీ,” అన్నాడు, చెప్పులు విప్పుతూ.

“బాగుందిరా. ఎంతమందికి చేశావు ఇప్పటికి?”

“మీతోనే మొదలండీ.”

బావమరిది మెట్ల వైపు తిరిగి దగ్గాడు. టీచరమ్మ ఇద్దరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

బాల్కనీ ఇరుకుగా, శుభ్రంగా ఉంది. ఒక మూల పేము కుర్చీ, ఇంకో మూల రెండు పూలకుండీలు. రెయిలింగు చూడ్డానికి నిన్న బిగించినట్టుంది. ఇవతలి వైపు రంగు ఎక్కడా పెచ్చు లేవలేదు. ఒకచోట మాత్రం, సరిగ్గా రెండు మోచేతులు ఆనేంత మేర, రంగు అరిగి నునుపుదేలింది. గ్యారంటీ దాని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, మధ్య కమ్మీని అడుగున పట్టుకుని మెల్లగా లాగాడు.

గట్టిగా లాగాల్సిన పనే లేకపోయింది. టీలో ముంచిన బిస్కెట్టులా కమ్మీ అడుగు విరిగి అతని చేతిలోకి వచ్చేసింది. పక్కది కదిపాడు. అదీ ఆడింది. దాని పక్కదీ అంతే. మూలలున్న రెండే రెండు కమ్మీలు ఇన్నాళ్ళూ మొత్తం బరువు మోస్తున్నాయి. ఆ సందులోంచి కింద రోడ్డు కనిపించింది, ఎవరిదో స్కూటరు, బకెట్టు పట్టుకుని నడిచిపోతున్న ఆడమనిషి. పన్నెండు మంది వరసగా నిలబడి, ఫోటో కోసం ఒక్కసారి వెనక్కి ఆనుకుంటే చాలు.

టీ గ్లాసులతో టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది. “ఏమైందిరా?”

ఇరవై రెండేళ్ళ అలవాటు ఊరికే పోదు. తుప్పండీ, సముద్రపు గాలండీ, మన చేతుల్లో ఏముందండీ అని మొత్తం వాక్యం నాలుక మీదికి వచ్చేసింది. నోరు తెరిచాడు.

“తప్పండీ,” అన్నాడు.

“ఏంటీ?”

“తప్పండీ. నాది. వెనక వైపు ప్రైమరు వెయ్యనివ్వలేదండీ. వీడు వేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. మీరిక దీని మీద చెయ్యి వెయ్యకండి. ఇవాళ ఎవర్నీ ఇక్కడ నిలబెట్టకండి.”

ఆమె గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టింది. విరిగిన కమ్మీని చూసింది, రంగు అరిగిన చోటుని చూసింది, కింద రోడ్డుని చూడలేదు.

“నేను రోజూ ఇక్కడే నిలబడతానని నీకు తెలుసు.”

“తెలుసండీ.”

“నిన్న నేను నీ షాపుకి వచ్చినప్పుడూ తెలుసు.”

“తెలుసండీ. నోరు రాలేదండీ.”

“రాత్రి కూడా నిలబడ్డానురా నేను,” అందామె. తిట్టి ఉంటే బాగుండునని గ్యారంటీకి అనిపించింది. తిట్లకి అతని దగ్గర జవాబులుంటాయి, దీనికి లేవు. నేల మీద కూర్చున్నవాడు అలాగే తల దించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావమరిది ముందు ఏడవడం ఎలాగా అనుకుంటుండగానే రెండు చుక్కలు రాలిపోయాయి.

కాసేపటికి ఆమె పేము కుర్చీని గది లోపలికి లాక్కుని, అందులో కూర్చుంది. “ఇందాక నువ్వన్న మాట... కొమ్ము మర్చిపోయి అన్నావా, తెలిసే అన్నావా?”

“మొదటిసారి దానంతటదే వచ్చిందండీ,” అన్నాడు గ్యారంటీ నిజాయితీగా. “రెండోసారి తెలిసే అన్నాను.”

“రెండోదానికి మార్కులు వేస్తాను. ఫోటో హాల్లో దిగుతాంలే, సముద్రం ఎక్కడికీ పోదు. బాల్కనీ తలుపుకి తాళం వెయ్యి. చిన్నప్పుడు తప్పు రాస్తే ఎన్నిసార్లు రాయించేదాన్నిరా?”

“పదిసార్లండీ.”

“ఇలాంటి రెయిలింగులు ఊళ్లో ఇంకా ఎన్నున్నాయి?”

“పధ్నాలుగండీ.”

“మరింకా కూర్చున్నావేం?”

అతను లేచాడు. టీ తాగమని ఆమె అనలేదు, అతనూ ముట్టుకోలేదు. విరిగిన రెయిలింగు ఊడదీసి, కొలతలు తీసుకుని, తలుపు తాళం వేసే పని బావమరిదికి అప్పగించి మెట్లు దిగాడు. దిగుతూ దిగుతూ పెదాలతో ఆ మాటని రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. ఇంతోటి మాటకి ఇంత సాధన కావాలా, ఒరే గ్యారంటీ, అనుకున్నాడు గాని ఈసారి నవ్వు రాలేదు.

పధ్నాలుగింటిలోనూ దగ్గరిది మందుల షాపతనిది. షాపు మీదే అతని ఇల్లు, ఇంటికి వీధి వైపు బాల్కనీ. రెండేళ్ళ కిందట రెయిలింగు కదులుతోందని అతను వచ్చి చెబితే, మీ ఆవిడ తడిబట్టలు ఆరేస్తున్నారండీ, నీళ్ళు కారి అలా అవుతుంది అని పంపించేశాడు. ఆ రోజు నుంచి ఆవిడ బట్టలు మేడ మీదికి మోసుకెళ్ళి ఆరేసుకుంటోంది.

గ్యారంటీ రోడ్డు దాటుతుంటే మందుల షాపతను దూరం నుంచే నవ్వడం మొదలుపెట్టాడు.

“రండి రండి! ఏం గ్యారంటీ గారూ, కొమ్ము దొరికిందా?”

గ్యారంటీ అతని మొహంలోకి చూడలేక, పైన బాల్కనీ వైపు చూశాడు. ఆవిడ రెయిలింగు మీద చెయ్యి వేసి, వీధిలో కూరగాయల బండివాణ్ణి పిలుస్తోంది.

“అమ్మా, కాస్త లోపలికి జరగండి,” అని కేక వేశాడు. తర్వాత షాపతని వైపు తిరిగి, “మీ తడిబట్టల వల్ల కాదండీ,” అన్నాడు.