అడిగిన పుస్తకం ఎప్పుడూ ఇవ్వని మా రమణత్త

నిన్న పొద్దున్న ఆఫీసుకి రెడీ అవుతుంటే రాయగడ నుంచి బాబ్జీ ఫోన్. "అమ్మ ఎల్లిపోయింది" అన్నాడు.

"విజయనగరమా?" అని అడిగేను.

మా రమణత్త ఎక్కడికైనా వెళ్ళిందంటే అక్కడికే. రైలెక్కి పుస్తకాలు తెచ్చుకోడానికి.

బాబ్జీ భోరుమన్నాడు. అప్పుడర్థమైంది నాకు.

కోరాపుట్ నుంచి రాయగడ చేరేదాకా ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. గుండెల్లో మంటగా ఉందని కొన్నాళ్ళుగా అంటూనే ఉందట. డాక్టర్ దగ్గరికి పదమంటే "ఈ పుస్తకం అయిపోనీ" అందట.

ఏం మనిషి అసలు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. రమణత్త మా నాన్న చెల్లెలు. బాబ్జీ ఆవిడ కొడుకు. ఒడిశాలో రాయగడ బజార్లో వాళ్ళ ఇల్లూ, కిరాణా హోల్‌సేల్ షాపూ ఒకటే. పప్పు బస్తాల వెనక పుస్తకాల బీరువాలు.

మా పిల్లలందరివీ ఒడియా, ఇంగ్లీషు చదువులే. తెలుగు నోటి మీద మిగిలింది, అంతే. అది ఆవిడకి మింగుడు పడలేదు. అందుకని ఊళ్ళో తెలుగు ఇళ్ళలో ఎవరేం చదవాలో ఆవిడే డిసైడ్ చేసేది. చుట్టుపక్కల గుడారి, రామనగుడ షాపులకి సరుకు ఆటో వెళ్తే, బెల్లం బస్తా మీద ఎవరికో ఒకరికి పుస్తకం కూడా వెళ్ళేది.

కానీ అడిగింది ఇచ్చేది కాదు. అదీ బాధ.

మావాడికి తెలుగు చదవడం రావాలని ఒక నీతికథల పుస్తకం అడిగేను. రంగుల బొమ్మలు, మంచి కాగితం. నేనే బీరువాలోంచి తీసుకున్నాను కూడా. నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ లోపల పెట్టేసింది.

"నీతి కావాలంటే నువ్వు సెప్పుకో అమ్మీ. ఆడికేటి ఇష్టమో అది సెప్పు."

వాడికి పాములిష్టం.

పాముల పుస్తకం ఇచ్చింది. పెద్దవాళ్ళది. సన్న అక్షరాలు. వీడిదెలా చదువుతాడని గొడవ పడ్డాను. అక్కర పడితే వాడే చదువుతాడు, లేకపోతే బొమ్మలు చూస్తాడు, నీకేంటి నష్టం అంది.

చదివేడు. కొండచిలువ మేకని ఎలా మింగుతుందో అన్నం ముందు కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పైకి. చాన్నాళ్ళు మా ఇంట్లో భోజనాల దగ్గర అదే టాపిక్. నాకు ముద్ద దిగేది కాదు.

ఇంకోటి. మా చుట్టం ఒకాయన కవితలు అచ్చేయించుకుని, అందరికీ పంచమని అత్తకి ఒక కట్ట ఇచ్చేడు. ఆవిడ మొదటి నుంచి చివరి దాకా చదివింది. రెండు బాగున్నాయని వాటిని షాపు గోడకి అంటించింది. మిగిలినవి జీలకర్ర పొట్లాలయ్యేయి. ఒక పొట్లం తిన్నగా ఆయనింటికే వెళ్ళింది. సర్దిచెప్పడానికి నేను వెళ్ళాను. ఆవిడ రాలేదు.

అసలు సంగతి మా అమ్మది.

నాన్న పోయేక రాయగడలో మా ఇంట్లో అమ్మ మంచం దిగలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఆత్మ, పరలోకం, వైరాగ్యం అంటూ పుస్తకాలు తెచ్చి తలగడ పక్కన పెట్టేరు. అత్త వచ్చి అవన్నీ సంచీలో వేసుకుంది. వాటి బదులు ఒక డిటెక్టివ్ నవల పెట్టింది.

చావింట్లో హత్య నవల.

గుమ్మం దగ్గర ఆపి నిలదీసేను. చెప్పులేసుకుంటూ అంది, "ఆళ్ళిచ్చినవి సదివితే మీ అమ్మ ఇంకా కిందకి దిగిపోద్ది."

అమ్మ మొదట ముట్టుకోలేదు. తర్వాత ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు తెలీదు. ఒక మధ్యాహ్నం లోపల్నుంచి తిట్లు వినిపించేయి. వెళ్ళి చూస్తే నవల చివరి పేజీలు లేవు. ఎవరో చింపేసేరు. ఎవరో ఏంటి, అత్తే.

అమ్మ తల దువ్వుకుంది. చీర మార్చుకుంది. ఒక్కర్తీ బజారు వైపు నడిచింది. నాన్న పోయేక గడప దాటడం అదే మొదలు. నేను భయపడి వెనకే పరిగెత్తేను.

షాపు నిండా జనం. అమ్మ వాళ్ళ మధ్యలోంచి దూరి అడిగింది, "ఎవులు సంపేసేరు?"

"కూకో వదినా. టీ తాగు."

టీ ఇచ్చింది. చెప్పలేదు. పేజీలూ ఇవ్వలేదు. రేపు రమ్మంది. అమ్మ దారంతా తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం అమ్మ ఆ షాపులోనే. దెయ్యాల కథలు, యాత్రలు, వంటలు, జీవిత చరిత్రలు, ఒకటని లేదు. ఒక్క రకమే తింటే ఒంటికెలా పట్టదో, ఒక్క రకమే చదివితే బుర్రకీ పట్టదని అత్త అనేది. పుస్తకం పేజీలు చింపే మనిషి చెప్పిన మాట అది.

ఈరోజు పొద్దున్న ఊళ్ళో తెలుగువాళ్ళ సంఘం పెద్దాయన వచ్చేడు. రమణమ్మగారి పుస్తకాలన్నీ మా సంఘం హాల్లో అద్దాల బీరువాలో పెట్టి, తాళం వేసి, పైన ఫోటో పెడతాం అన్నాడు. బాబ్జీ ఏడ్చి ఏడ్చి ఉన్నాడు, తలూపేసేడు. నాకు ఒళ్ళు మండింది.

నిన్నటి నుంచి బస్తాల మధ్యలోనే కూర్చున్న అమ్మ లేచింది.

"మీరేటి సదువుతారు?" అని ఆయన్ని అడిగింది.

పేపరు చదువుతానన్నాడు.

అమ్మ వెనక్కి వెళ్ళి దెయ్యాల కథల పుస్తకం తెచ్చింది. చావింటి నుంచి ఏదీ తీసుకెళ్ళకూడదని ఎవరో అన్నారు. అమ్మ వినిపించుకోలేదు. ఆయన చేతిలో పెట్టింది.

"ఇది సదివి రండి. తాళం సంగతి అప్పుడు మాటాడదాం."

పరామర్శకి వచ్చిన పెద్దమనిషి దెయ్యాల పుస్తకం పట్టుకుని వెళ్ళిపోయేడు. అప్పుడు బీరువాకి తల ఆనించి అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చేను.

అత్తా, నీతో వేగలేక చచ్చేం.

ఇక్కడి గొడవలు ఇంక అమ్మ చూసుకుంటుంది. నువ్వు ఎవరితోనూ వాదించక్కర్లేదు. నెమ్మదిగా, హాయిగా ఉండు.