సార్, మీకైతే సీటొస్తది

ఆ శనివారం వరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది: నాకు పుస్తకాల షాపు పెట్టాలని ఉంది. ఒకటి కాదు, చాలా. సాంబారు ఎలా కుదిరిందో కూడా డైరీలో రాసుకునే నేను, ఈ ఒక్కటి మాత్రం అందులోనూ రాయలేదు. ఆ వ్యాపారం నేర్చుకోవడానికే ఎంబీఏ చేయాలనుకున్నాను. ఇంట్లో మాత్రం “ఉద్యోగంలో ఎదుగుదల కోసం” అన్నాను. ఆ మాటకు మా ఎల్బీ నగర్‌లో ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు.

మన మార్కులూ ఉద్యోగమూ చూసి, పెద్ద బిజినెస్ స్కూళ్లలో సీటు వచ్చే అవకాశం ఎంతో చెప్పే కన్సల్టెన్సీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉందని తెలిసి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నేను బయల్దేరేసరికి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని చెప్పుల దగ్గర సిద్ధంగా ఉన్నారు. ఇంటర్ అయినా, ఇంజినీరింగ్ అయినా మా ఇంటి ఆనవాయితీ ఒకటే: కాలేజీ వాళ్లతో నాన్న మాట్లాడతారు, నేను తల ఊపుతాను. ఉద్యోగంలో చేరాక కూడా అది మారలేదు.

కౌన్సెలర్ నడివయసు మేడమ్. నా ఎంట్రన్స్ స్కోరు చూసి “మంచిగుంది” అన్నారు. వెంటనే నాన్న సంచిలోంచి నా పదో తరగతి మెమో తీశారు. తర్వాత ఇంటర్‌ది. వ్యాసరచనలో నాకొచ్చిన స్టీలు డబ్బా కూడా తెచ్చేవారే గానీ, అందులో పోపు దినుసులున్నాయని అమ్మ ఇవ్వలేదు.

“గివన్నీ ఎవరడుగుతరు సార్? ఇంజినీరు, సాఫ్ట్‌వేర్ జాబు, మంచి మార్కులు... పొద్దుగాల మెట్రో ఎక్కినోళ్లందరికి ఉన్నయ్. అందర్ల ఈమెనే ఎందుకు తీస్కోవాలె?” మేడమ్ నావైపు తిరిగారు. “చెప్పమ్మా, ఎంబీఏ ఎందుకు?”

“ఎదుగుదల కోసమండీ,” అన్నారు నాన్న.

“టీమ్‌ను నడిపించినవా ఎప్పుడన్న?”

“ఏడో తరగతిలో క్లాస్ లీడరండీ. మాట్లాడిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాసేది. దీన్నే ఎందుకు పెట్టారంటే, క్లాసులో ఇదొక్కతే మాట్లాడేది కాదు.”

“ఏమన్న ఫెయిల్యూర్?”

ఈసారీ నాన్నే అందుకున్నారు. “దీనికి స్కూటీ నడపడం రాలేదండీ. నేర్పింది నేను గనక అది నా ఫెయిల్యూర్ కింద రాసుకోండి. దానివల్ల నేను నేర్చుకున్నదేమిటంటే...”

మేడమ్ పెన్ను కింద పెట్టేశారు. “సార్, మీకైతే సీటొస్తది. మాటున్నది, ధైర్యమున్నది, ఓడిపోయింది ఒప్పుకుంటున్నరు. అమ్మాయికే కష్టం. ఇంటర్వ్యూల పక్కకు మీరుండరు కదా!”

నాన్న నవ్వబోయి ఆగిపోయారు. మేడమ్ మళ్లీ పెన్ను తీసి, నేను రాసిచ్చిన స్కూళ్ల పేర్లు పైనుంచి ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చారు. నేను ఎంతో ఇష్టపడిన స్కూలు దగ్గరికి పెన్ను వచ్చేసరికి నా నోట్లోంచి మాట ఊడిపడింది.

“పుస్తకాల షాపులు పెడతానండీ.”

ఏసీ చప్పుడులో సగం పోయిందేమో, ఇద్దరూ నావైపు వంగారు. ఇక ఆగలేదు. మూసారాంబాగ్ నుంచి మీర్‌పేట్ దాకా వెతికినా కోచింగ్ గైడ్లే తప్ప ఒక కథల పుస్తకం దొరకదన్నాను. మెట్రో స్టేషన్ల దగ్గర చిన్న షాపులు పెట్టి, చదివేసింది తెచ్చిన వాళ్లకు ఇంకోటి ఇస్తానన్నాను. మా ఆఫీసు క్యాంటీన్ పక్కన ఒక బీరువాతో అది ఇప్పటికే నడుపుతున్నానన్నాను. పుస్తకం తిరిగివ్వని మేనేజర్‌కు మెయిల్ పెట్టాననీ, కాపీ ఆయన పైఅధికారికి పంపాననీ కూడా చెప్పేశాను.

“మరి ఇచ్చిండా?” మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

“మర్నాడే ఇచ్చారండీ. అట్ట వేసి మరీ.”

నాన్న నన్ను ఎవరి కూతురో అన్నట్టు చూశారు. “అయితే తలుపేసుకుని చదివేదంతా ఆఫీసు పని కాదన్నమాట!”

“సార్, మీరు జర బయట కూసోండ్రి,” అన్నారు మేడమ్, కొత్త కాగితం తీసుకుంటూ. “ఈమె ఛాన్సెంతో ఇప్పుడు చూస్త.”

నాన్న మెమోలన్నీ సంచిలో సర్దుకున్నారు. గాజు తలుపు సగం తెరిచి, అక్కడే ఆగి, వెనక్కి తిరిగారు.

“కాస్త గట్టిగా మాట్లాడమ్మా. బయటికి వినపడాలి నాకు.”