నాలుగు గ్యాలన్ల వ్యూహం

1957 జనవరిలో నేను మద్రాసులో ఒక మోటారు కంపెనీ వర్క్‌షాపులో అసిస్టెంట్ ఫోర్‌మన్‌ని. ఆ ఏడాది చోళవరం పందేల సీజనుకు మా కంపెనీ రెండు కార్లను దించింది. విమానాల పాత రన్‌వే మీద ఒంటి సీటు కార్లకు ఇరవై అయిదు చుట్ల పందెం. పెట్రోలు పోయించడం, కొలవడం నాకు అప్పగించారు. అప్పగించకపోయినా టికెట్టు కొనుక్కుని వెళ్లేవాణ్ణే, నాకు పందేల పిచ్చి అంతటిది.

ఇప్పుడు టీవీలో ఫార్ములా రేసు చూస్తుంటే మాటకు ముందు ‘టీమ్ స్ట్రాటజీ’ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను.

మొదటి కారు నడిపేది యజమాని బావమరిది. రెండోది మా ఫిట్టర్ నరసింహులుది. పురసవాక్కంలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్లది. ఆ ఇంజను మూడు నెలలు కూర్చుని అతనే కట్టాడు. మొదటి ముగ్గురిలో వస్తే సీజనంతా ఆ కారు నీదేనని, రాకపోతే మళ్లీ ఫిట్టర్ పనికేనని మేనేజరు అందరి ముందూ చెప్పాడు.

పెట్రోలు విషయంలో మాకొక పద్ధతి ఉండేది. పోశాక గీతలు పెట్టిన చెక్క పుల్లను ట్యాంకులో ముంచి చూడాలి. దాన్ని డిప్పు అంటాం. ఆ అంకెను డ్రైవరుకు పైకి చెప్పాలి, అతను తిరిగి చెప్పాలి, అప్పుడే మూత బిగించాలి. ఇరవై అయిదు చుట్లకు ఏడు గ్యాలన్లు కావాలి. ఆ రోజు మేనేజరు నరసింహులు కారుకు నాలుగు చాలన్నాడు. సగంలో పిలిచి మళ్లీ పోద్దాం, బరువు తక్కువైతే ముందు బాగా పరుగెత్తుతుంది, అతనికి నేను చెబుతాను, నువ్వు వేరే పని చూసుకో అన్నాడు. నేను మూత బిగించేశాను.

“ఈ పొద్దు ఆ కలకత్తా బండిని సుమ్మా వదిలేది లేదన్నా!” అంటూ నరసింహులు ఎక్కి కూర్చున్నాడు.

ఊరికే వదల్లేదు కూడా. మొదటి చుట్టు నుంచీ అతనే ముందు. కలకత్తా నుంచి పందేనికి వచ్చిన ఆ కారు పెద్దది, బలమైనది, అతన్ని అందుకోవాలని వెంటపడింది. పదో చుట్టుకు నేను పెట్రోలు డబ్బా, గరాటు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. మేనేజరు నావైపు చూడకుండానే డబ్బా కింద పెట్టమన్నాడు. అతన్ని పిలవడం లేదన్నాడు. కలకత్తా ఇంజను వేడెక్కేదాకా తరిమించుకోవడమే ఆ కారు పని అన్నాడు.

అప్పుడు అర్థమైంది. నరసింహులు ఎర. ఆ సంగతి ఎరకు తప్ప అందరికీ తెలుసు.

డ్రైవర్లకు కబురు రాసి చూపించే నల్లబల్ల నా పక్కనే ఉంది, సుద్దముక్క కూడా ఉంది. మేనేజరు చెప్పనిదే దాని మీద ఎవరూ రాయకూడదని నియమం. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నాలుగు చుట్లు నరసింహులు నా కళ్లముందు నుంచే వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ చెయ్యెత్తి ఊపాడు.

పదిహేనో చుట్టులో అవతలి మలుపు దగ్గర కారు ఆగిపోయింది. ఫిట్టరు కదా, పైపులో చెత్త అడ్డం పడిందనుకుని విప్పి, నోటితో ఊది చూశాడట. చుక్క లేదు. ఆ ఎండలో, కాలిపోతున్న కాంక్రీటు మీద నడిచి వచ్చాడు. ఈలోగా కలకత్తా కారు ఆవిరి కక్కుతూ పక్కకు తప్పుకుంది. యజమాని బావమరిది గెలిచాడు.

“డిప్పు ఎంతన్నా?” అని నరసింహులు అడిగాడు.

నాలుగు అన్నాను. మేనేజరు చెప్పాడనుకున్నానని కూడా అన్నాను.

“ఈడుండే అందరికీ తెలుసు. ఆడ బండి తోలేవాడికి మాత్రం తెలీదు. బాగుండాది సార్.”

అంతకుముందు నన్ను ఎన్నడూ సార్ అని పిలవలేదు. ఆ తర్వాత ఎన్నడూ అన్నా అని పిలవలేదు.

సోమవారం మేనేజరు నోటీసు అంటించాడు. మొదటి ముగ్గురిలో రానందున నరసింహులు వర్క్‌షాపు పనికి తిరిగి వెళ్లాలని. పెట్రోలు ఇవ్వకుండా ఆపిన మనిషే, ఆగిపోయాడని శిక్ష వేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే అదే. ఎక్కువ మంది మాత్రం ఎంత తెలివైన వ్యూహమని మేనేజరును మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు కోపం తగ్గదు. నా మీద ఉన్న కోపమైతే దానికి రెట్టింపు.

ఆ తర్వాత ఇంకా ఇరవై ఏళ్లు పైన పనిచేశాను. పందెం కారైనా, సరుకుల లారీ అయినా, డిప్పు అంకె నేనే డ్రైవరు ముఖం చూసి చెప్పాను. తొందరపెట్టిన పై అధికారులు ఉన్నారు, నేను చెబుతాలే అన్నవాళ్లూ ఉన్నారు. డ్రైవరు తన నోటితో తిరిగి చెప్పేదాకా నేను మూత బిగించలేదు.