వెనక్కి పట్టిన కందీలు

నాకు ఊరేగింపులంటే మొదట్నుంచీ పడదు. తోసుకోవడం, తొక్కుకోవడం, చెవులు చిల్లులు పడే బ్యాండు. బళ్ళారిలో ఏ దేవుడు వీధిలోకి వచ్చినా నేను మేడ మీంచే దణ్ణం పెట్టి లోపలికి పోయేదాన్ని. అలాంటిదాన్ని కొరియాలో ఒక రేవు పట్టణంలో, బుద్ధుడి పుట్టినరోజు పండగకి, చేత్తో కాగితపు దీపం పట్టుకుని జనం మధ్య నడిచాను. అదీ మా నాన్న కోసం.

మా ఆయనది యశ్వంతనగర్ ఇనుప గనుల్లో ఉద్యోగం. ఎనభైల చివర్లో, మా ఖనిజం కొనే కంపెనీవాళ్ళు రమ్మంటే ఇద్దరం ఆ దేశం వెళ్ళాం. నేను కడుపుతో ఉన్నప్పుడు నాన్న పోయినట్టు టెలిగ్రాం వచ్చింది. అది మా చేతికందేసరికే ఊళ్ళో అన్నీ అయిపోయాయి. డాక్టరు నన్ను విమానం ఎక్కనివ్వలేదు. చివరిచూపు లేదు, ఆయన వెంట నాలుగడుగులు నడిచిందీ లేదు. సాగనంపకుండా మనిషి పోయాడని ఎలా అనుకోవడం? నాకు ఏడుపు కూడా రాలేదు. అన్నిటికంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

నాన్నకి బళ్ళారి బజారులో బట్టల కొట్టు ఉండేది. నా చిన్నప్పుడు, సాయంత్రం కొట్టు కట్టేసి, ట్యూషన్ నుంచి నన్ను ఇంటికి తీసుకెళ్ళేవాడు. డెబ్బైల్లో మా సందుకి కరెంటు చుట్టపుచూపుగా వచ్చేది. అందుకని ఆయన చేతిలో ఎప్పుడూ కందీలు ఉండేది. లాంతరుని మా వైపు అలాగే అంటారు.

"బల్బు ఎలుగుతాంటే కందీలు యాలనో ఈయప్పకు!" అని కరెంటున్న రోజుల్లో మా అమ్మ ఆటపట్టించేది.

ఎవరైనా కందీలు ముందుకి పట్టుకుని నడుస్తారు. ఆయన వెనక్కి, కిందికి పట్టేవాడు, వెలుగు నా కాళ్ళ ముందు పడేట్టు. తను మాత్రం చీకట్లో నడుస్తూ, కాలువ బండకో మెట్టు రాయికో తన్నుకుని అబ్బా అనేవాడు. నేను పకపకా నవ్వేదాన్ని.

"ముందుకు పట్టుకో నాయినా, నీకేం కనపడతాంది?"

"నాకేలమ్మా దీపం? ఈ సందులోనే పుట్టినోణ్ణి. నువ్వు చూసుకోని రా, ఈడ కాలువ ఉండాది."

పుట్టిన సందులోనే రోజూ ఎదురుదెబ్బ తగిలించుకునేవాడు పాపం. ఆయన కుడికాలి బొటనవేలి గోరు నల్లగా లేని రోజు నాకు గుర్తులేదు.

కొరియాలో మా కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. ముసలావిడ, కోపిష్టి, అచ్చం నాలాగే. నేను సరిగ్గా తినడం లేదని మా ఆయన్ని నిలదీసి సంగతి తెలుసుకుంది. పండగ రోజు సాయంత్రం పైకి వచ్చి, ఒక కాగితపు తామరపువ్వు నా చేతిలో పెట్టింది. లోపల చిన్న కొవ్వొత్తి, పట్టుకోవడానికి ఒక పుల్ల. ఆవిడది ఎర్రది, నాది తెల్లది. బతికున్నవాళ్ళకి రంగులవీ, పోయినవాళ్ళకి తెల్లవీ వెలిగిస్తారట.

"మీ నాయన పేరు మీదంట. పోదాం పా" అన్నాడు మా ఆయన. నేను చెప్పులేసుకున్నాను.

గుడి వైపు వరసగా నడుస్తున్నాం. అందరి దీపాలూ తలలకంటే ఎత్తులో ఉన్నాయి. ఎంత బాగున్నాయో, ఊరేగింపులంటే పడని నాకు కూడా ముచ్చటేసింది. కాస్త దూరం పోగానే ముసలావిడ నా మణికట్టు పట్టి చెయ్యి పైకెత్తింది. కొంతసేపటికి మళ్ళీ ఎత్తింది, ఈసారి కసురుతూ. అప్పుడు చూసుకున్నాను. నాకు తెలియకుండానే చెయ్యి వెనక్కి, కిందికి పోతోంది. వెనక వచ్చేవాళ్ళ బట్టలకి నిప్పంటుకునేట్టు ఉంది.

సిగ్గుపడి పైకెత్తాను. ఎత్తగానే నా వెనక నేల మీద ఉన్న కాస్త వెలుగూ పోయింది. అంతే, ఇన్నాళ్ళూ రాని ఏడుపు ముంచుకొచ్చింది.

"ఎనక నాయిన వస్తాండాడు. ఆయనకు దావ కనపడొద్దా?" అన్నాను మా ఆయనతో.

పిచ్చిమాటే. మా ఆయన నవ్వలేదు. వచ్చీరాని ఆ భాషలో ముసలావిడకి చెప్పాడు.

ఆవిడ నన్ను ఓదార్చలేదు. వెనక్కి తిరిగి, వస్తున్నవాళ్ళని చేత్తో ఆపి, గట్టిగా ఏదో అంది. వాళ్ళు ఆగిపోయారు. నా వెనక ఒక మనిషి నడిచేంత చోటు ఖాళీ అయింది. అప్పుడు ఆవిడే నా చెయ్యి పట్టుకుని, కిందికి, వెనక్కి దించింది. గుడి దాకా ఆ చోట్లోకి ఎవర్నీ రానివ్వలేదు.

ఏడుస్తూనే నడిచాను. ముందేముందో నాకు కనిపించలేదు. గుడి మెట్టుకి కాలు గట్టిగా తన్నుకుంది.

తెల్లారి చూస్తే బొటనవేలి గోరు నల్లబడి ఉంది. మా ఆయన మందు తెచ్చాడు. నేను కాలు వెనక్కి లాక్కున్నాను.

"నొప్పి లేదా?" అన్నాడు.

"ఉండాది. ఉండనీ" అన్నాను.